పాత ఫోటోని ఏఐకి ఎంతవరకు అప్పగించాలి: స్కాన్ నుంచి ఫ్రేము దాకా

పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఒక మామ్మగారు ప్లాస్టిక్ కవర్లో ఫోటో పట్టుకుని మా స్టూడియోకి వచ్చారు. 1986 ఆగస్టులో గోదావరి పొంగినప్పుడు లంకలో వాళ్ల ఇల్లు మునిగిందట. ట్రంకుపెట్టెలో ఉన్న ఫోటోల్లో చేతికి దక్కింది అదొక్కటే. అందులో ఉన్నది వాళ్లమ్మగారు. చెక్క కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉన్నారు. ఎడమ చెంప మీదుగా మెడ దాకా గోధుమ రంగు నీటి మరక. చీర కుచ్చిళ్ల దగ్గర పైపొర లేచిపోయి తెల్ల కాగితం కనబడుతోంది. వెనక గోడంతా బూజు చుక్కలు. "తద్దినం నాటికి పన్నెండు పద్దెనిమిది సైజులో ఫ్రేము కట్టించి ఇవ్వాలి బాబూ" అన్నారు.

నాకు ఆల్బమ్ పనులు మీద పడి ఉన్నాయి. స్కాన్ తీసి ఒక ఏఐ టూల్లో పడేసి, బాగుచెయ్యమని ఒక వాక్యం రాశాను. నిమిషంలోపే వచ్చింది. కళ్లు మెరుస్తున్నాయి, చర్మం నున్నగా ఉంది, మరక మచ్చుకైనా లేదు. నాకే ముచ్చటేసి నాలుగు ఆరులో ప్రూఫ్ తీసి చూపించాను. ఆవిడ దాన్ని దూరంగా పెట్టి చూశారు, కళ్లద్దాలు సర్దుకుని దగ్గరగా చూశారు. "చాలా బాగుంది బాబూ. ఎవరీవిడ?" అన్నారు.

ఆ ఫోటోని మళ్లీ మొదటినుంచి చేశాను. ఈసారి కూడా ఏఐని వాడాను, కానీ దాని హద్దులో దాన్ని ఉంచి. ఆ పద్ధతే వరసగా చెబుతాను. నేను వాడేది ఫోటోషాప్. పొరలు (లేయర్లు), కావలసిన చోటునే కనిపించనిచ్చే మాస్కులు ఉన్న వేరే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇదే వరస పనికొస్తుంది.

మొదలుపెట్టేముందు ఒక్క సంగతి. ఏఐ టూల్ మీ ఫోటోని తుడిచి శుభ్రం చెయ్యదు. అది అంతకుముందు చూసిన లెక్కలేనన్ని బొమ్మల అలవాటు కొద్దీ, ఇలాంటి చోట మామూలుగా ఏముంటుందో ఊహించి కొత్తగా గీస్తుంది. గోడకి ఆ ఊహ చాలు. ముఖానికి చాలదు. మిగతా అడుగులన్నీ ఈ తేడా చుట్టూనే తిరుగుతాయి.

1. స్కాన్: సగం పని ఇక్కడే

నాలుగు ఆరు అంగుళాల ప్రింటుని పన్నెండు పద్దెనిమిదికి పెంచడమంటే మూడు రెట్లు. ప్రింటుకి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కావాలంటే స్కాన్ 900 ఉండాలి. స్కానర్లో 1200 పెట్టేయండి. పాస్‌పోర్ట్ సైజు ఫోటో అయితే స్కానర్ నిజంగా ఇవ్వగలిగినంత ఎక్కువ పెట్టండి. ఫైలు టిఫ్‌లో దాచండి, జేపెగ్ వద్దు. ఫోటో వెనకవైపు కూడా స్కాన్ చెయ్యండి. తేదీ, ఊరు, స్టూడియో ముద్ర చాలాసార్లు అక్కడే ఉంటాయి.

ఫోటో నలుపు తెలుపే అయినా స్కాన్ మాత్రం కలర్‌లోనే తీయాలి. ఎందుకో మూడో అడుగులో తెలుస్తుంది.

ఫ్రేము అద్దానికి అంటుకుపోయిన ఫోటోని లాగకండి. ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా స్కాన్ చేసుకోండి. ఫోన్‌తో ఫోటోకి ఫోటో తీయడం ఆఖరి మార్గం. ఫోన్ తన సొంత తెలివితో నున్నగా చేసేసిన బొమ్మనే మీకిస్తుంది, ఆ నునుపు కింద ఏమి పోయిందో మీకు తెలియదు.

2. పని మొదలెట్టకముందే మూడు రంగుల పటం

స్కాన్ మీద ఒక ఖాళీ లేయర్ వేసి, బ్రష్‌తో మూడు రంగులు పూయండి. ఈ పనికి ఐదు నిమిషాలు చాలు.

ఆకుపచ్చ: గోడ, నేల, తెర, ఆకాశం. అక్కడ ఏమున్నా ఎవరూ అడగరు. ఏఐకి పూర్తి స్వేచ్ఛ.

పసుపు: చీర మడతలు, పంచె, కుర్చీ కోళ్లు, జుట్టు చివర్లు. ఒక క్రమం ఉంటుంది, పక్కన నమూనా కూడా ఉంటుంది. ఏఐని చిన్న చిన్న ముక్కలుగా, ప్రతి ముక్కా చూసుకుంటూ వాడాలి.

ఎరుపు: ముఖం, చేతులు, మెడ, నగలు, బొట్టు, అక్షరాలు. ఏఐకి ప్రవేశం లేదు.

కస్టమర్ ఎదురుగానే కూర్చుని ఉంటే ఈ పటం వాళ్లతో కలిసి వెయ్యండి. మామ్మగారు కుర్చీ మీద వేలు పెట్టి, "ఇది మా తాతగారి కుర్చీ. చేతికొమ్ముకి నెమలి చెక్కి ఉంటుంది" అన్నారు. నేను పసుపు వేసిన కుర్చీ ఆ మాటతో ఎరుపులోకి వచ్చేసింది. ఏది ముఖ్యమో మనకేం తెలుసు?

3. ఏఐ కంటే ముందు, ఎరుపు ఛానెల్

మొదటిసారి నేను చేసిన తప్పు ఇక్కడే. చెంప మీద మరక ఉందంటే దాని కింద చెంప లేదనుకున్నాను. కానీ పసుపు, గోధుమ రంగు మరక చాలావరకు పలచటి రంగు కాగితం లాంటిది. నీలి కాంతిని మింగేస్తుంది, ఎర్ర కాంతిని వదిలేస్తుంది. కలర్‌లో స్కాన్ చేశారు కాబట్టి, ఫోటోషాప్‌లో బొమ్మని ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులుగా విడదీసి చూపే ఛానెల్స్ ప్యానెల్ తెరిచి ఒక్కొక్కటీ విడిగా చూడండి. నీలం ఛానెల్లో మరక నల్లగా దిట్టంగా కనిపిస్తుంది, ఆకుపచ్చలో కాస్త తగ్గుతుంది, ఎరుపులో చాలాసార్లు ఒక నీడగా మిగులుతుంది.

ఎరుపు ఛానెల్ నొక్కగానే ఆవిడ చెంప బయటపడింది. దవడ దగ్గర చిన్న సొట్ట, చెవి పక్కన రెండు అమ్మవారి మచ్చలు. అన్నీ అక్కడే ఉన్నాయి. ఏఐ వాటిని చూడకుండానే తీసేసి, ఊళ్లో అందరికీ ఉండే చెంప ఒకటి గీసింది. ఎవరీవిడ అని మామ్మగారు అడగరా మరి!

చెయ్యాల్సింది: ఎరుపు ఛానెల్‌ని మొత్తం సెలెక్ట్ చేసి, కాపీ చేసి, కొత్త లేయర్‌గా పేస్ట్ చెయ్యండి. మిగిలిన నీడని మరక ఆకారంలో మాస్క్ వేసిన, వెలుగునీడలు సర్దే కర్వ్స్‌తో ఎత్తండి. మరక అంచున గీతలా ఒక ముదురు చార ఉంటుంది. దాన్ని హీలింగ్ బ్రష్‌తో, చిన్న సైజులో, ఓపిగ్గా తుడవండి. క్లోన్ స్టాంప్, హీలింగ్ బ్రష్ కూడా పక్కనుంచి తెచ్చి అతికించేవే. కానీ ఎక్కడినుంచి తేవాలో చెప్పేది మీరు. ముఖం మీద ఆ తేడా పెద్దదే.

మరక నల్ల సిరాదైతేనో, బూజు పైపొరనే తినేస్తేనో ఈ చిట్కా పనిచెయ్యదు. అప్పుడు అక్కడ నిజంగానే ఏమీ మిగిలి ఉండదు.

4. గోడని ఏఐకి ఇవ్వండి, కొలత చూసి

ఫోటోషాప్‌లో సెలెక్ట్ చేసిన చోటుని ఏఐతో నింపే జెనరేటివ్ ఫిల్ 2023 మేలో బీటాగా (పరీక్ష రూపంలో) వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరు నుంచి అందరికీ అందింది. బూజు పట్టిన గోడలకి, చిరిగిన మూలలకి ఇది నిజంగా వరం. ఒకప్పుడు పూట పట్టే పని ఇప్పుడు టీ చల్లారేలోపు అయిపోతోంది. అయితే దీనికి కొలత హద్దు ఉంది. మొదట్లో ఇది గీసే ముక్క 1024×1024 పిక్సెల్స్ దాటేది కాదు. మీరు 3000 పిక్సెల్స్ వెడల్పున సెలెక్ట్ చేస్తే, ఆ 1024నే సాగదీసి అతికించేది. తర్వాత వచ్చిన మోడళ్లు మెరుగైనా హద్దు అనేది ఉంటూనే ఉంది. ప్రింటులో ఇది ఎలా కనిపిస్తుందంటే, గోడ అంతా గరుకుగా ఉంటుంది, మధ్యలో ఒక చోట మాత్రం మైనం పూసినట్టు.

అందుకని:

- సెలెక్షన్ 1000 పిక్సెల్స్ లోపు ఉంచండి. పెద్ద గోడని నాలుగైదు ముక్కలుగా, ఒకదాని అంచు ఇంకోదాని మీదికి కొంచెం ఎక్కేలా చెయ్యండి.
- మచ్చ కంటే 20, 30 పిక్సెల్స్ ఎక్కువే సెలెక్ట్ చెయ్యండి. మరీ అంచుకి కోస్తే మచ్చ రంగునే నమూనాగా తీసుకుని, మరో మచ్చ గీసి పెడుతుంది.
- ప్రాంప్ట్ పెట్టె (ఏమి కావాలో రాసే చోటు) ఖాళీగా వదిలెయ్యండి. "పాత గోడ" అని రాశారా, సున్నం పెచ్చులు, ఇటుకలు, ఒక్కోసారి కిటికీ కూడా వస్తుంది. ఖాళీగా వదిలితే చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి నింపుతుంది.
- మూడు రకాలు ఇస్తుంది. మూడూ 100 శాతం జూమ్‌లో చూడండి. స్క్రీన్‌కి సరిపడా కుదించి చూస్తే మూడూ అద్భుతంగానే ఉంటాయి.
- ప్రతి ముక్కా వేరే లేయర్‌గా వస్తుంది. వాటిని కలిపెయ్యకండి. "ఏఐ గోడ 1", "ఏఐ గోడ 2" అని పేర్లు పెట్టండి.

ఇది నెట్ ఉంటేనే పనిచేస్తుంది. బొమ్మ మీ కంప్యూటర్ దాటి సర్వర్‌కి వెళ్తుంది. ఫోటో మీ ఇంటిది కాకపోతే ఆ సంగతి వాళ్లకి చెప్పడం మర్యాద. ఇంకో తమాషా: మన ఇళ్లలో బోర్లా పడ్డ పసిపిల్లల ఫోటో ఒంటి మీద నూలుపోగు లేకుండా ఉంటుంది కదా. అలాంటివి కొన్ని టూల్స్ నిబంధనలకి విరుద్ధమంటూ తిప్పికొడతాయి. వాటిని పాత పద్ధతిలోనే, చేత్తోనే బాగుచెయ్యాలి.

5. మొత్తం బొమ్మని తిరగగీసే చాట్ టూల్స్

2025లో చాట్‌జీపీటీ, జెమినై లాంటివి ఫోటో ఇస్తే మాటతో మార్చిపెట్టడం మొదలెట్టాక, మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ఇంట్లోనే చేశామండీ, ప్రింటు తియ్యండి చాలు" అంటున్నారు. రెండు చిక్కులు.

మొదటిది కొలత. 1024×1536 పిక్సెల్స్ బొమ్మని పన్నెండు పద్దెనిమిదికి వేస్తే అంగుళానికి 85 పిక్సెల్సే పడతాయి. 300 డీపీఐ లెక్కన అది మూడున్నర అయిదు అంగుళాల ప్రింటుకి సరిపోయే సరుకు.

రెండోది పెద్దది. జెనరేటివ్ ఫిల్ మీరు గీసిన గడి లోపలే గీస్తుంది. చాట్ టూల్స్‌లో "గోడ మీద మచ్చ మాత్రమే తియ్యి, ముఖం ముట్టుకోకు" అని ఎంత బతిమాలినా, బొమ్మ మొత్తాన్నీ కొత్తగా గీసే ప్రమాదం ఉంటుంది. నమ్మకపోతే ఇలా పరీక్షించండి. అసలు స్కాన్ మీద ఏఐ బొమ్మని లేయర్‌గా పెట్టి, సైజు, స్థానం కలిపి, బ్లెండ్ మోడ్‌ని డిఫరెన్స్‌కి మార్చండి. తేడా లేని చోట నల్లగా ఉండాలి. మామ్మగారి ఫోటోకి అలా చేస్తే ముట్టుకోవద్దన్న కళ్లు, పెదవులు, చెవులు తెల్లటి గీతల్లో దీపావళి మతాబుల్లా వెలిగాయి.

అయినా ఆ గోడ బాగా వచ్చిందనుకోండి, పారెయ్యక్కర్లేదు. ఏఐ లేయర్‌కి నల్ల మాస్క్ వేసి, తెల్ల బ్రష్‌తో గోడ వరకే బయటికి తీసుకోండి.

6. ముఖం పోయిన చోట

ఒక కన్నో, ముక్కో పూర్తిగా పోతే? అదే మనిషి ఇంకో ఫోటో కోసం బంధువులందరినీ అడిగించండి. పెళ్లి గ్రూప్ ఫోటో, రేషన్ కార్డు మీది ఫోటో, ఏదైనా సరే. ముఖం అదే వైపు తిరిగి, వెలుగు అదే వైపునుంచి పడుతుంటే అందులోంచి ముక్క తెచ్చి అతకవచ్చు. రెండో కన్నుని తిప్పి పెట్టడం పాత స్టూడియోల చిట్కానే. కానీ ఎవరి ముఖమూ రెండువైపులా ఒకేలా ఉండదు, ఆ సంగతి కస్టమర్‌కి ముందే చెప్పాలి.

ఏమీ దొరక్కపోతే వదిలెయ్యండి. పోయిన చోటుని చుట్టుపక్కల నీడలో మెత్తగా కలిపి, ఉన్నది కనిపించేలా చెయ్యండి. సగం ముఖమైనా అది వాళ్లదే.

ముఖం చిన్నదైన కొద్దీ ఏఐ అబద్ధం పెద్దదవుతుంది. స్టేబుల్ డిఫ్యూజన్ లాంటి, బొమ్మలు గీసే ఏఐ మోడళ్లు బొమ్మని ఒక్కో వైపు 8వ వంతుకి కుదించి, ఆ కుదించిన దాని మీదే పనిచేస్తాయి. స్కూల్ గ్రూప్ ఫోటోలో 40 పిక్సెల్స్ వెడల్పున్న ముఖం దానికి 5 గళ్లు. అయిదు గళ్లలో మీ నాన్నగారిని గుర్తుపట్టాలి అది! అందుకే గ్రూప్ ఫోటోలు ఏఐకి ఇస్తే వెనక వరసలో అందరూ అన్నదమ్ముల్లా వస్తారు.

7. మన ఫోటోల్లో ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి

ఈ భాగం ఇంగ్లీషు వీడియోల్లో దొరకదు. దెబ్బలు తిని నేర్చుకున్నాను.

బొట్టు. ముఖం మీద నల్లటి గుండ్రటి చుక్క అంటే ఏఐకి అది మచ్చ. తీసేస్తుంది. ముత్తయిదువ ఫోటోలో బొట్టు మాయమైతే ఇంట్లో ఎంత గొడవో చెప్పక్కర్లేదు. దీనికి తిరగేసిన తప్పు ఇంకా ఘోరం. చీర కట్టుకున్న ఆడమనిషి కాబట్టి అలవాటుకొద్దీ బొట్టు పెట్టేస్తుంది. భర్త పోయాక తీయించుకున్న ఫోటోలో బొట్టు కనబడి, కూతురు కౌంటర్ దగ్గరే కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను.

పచ్చబొట్టు, అమ్మవారి మచ్చలు, పుట్టుమచ్చ. మూడూ దానికి మరకలే. మశూచి ఉన్న రోజుల్లో పుట్టినవాళ్ల ముఖాల మీద ఆ గుంటలు తీసేస్తే మనిషే మారిపోతారు.

ముక్కుపుడక, అడ్డబాస, కాసులపేరు. రెండువైపులా ముక్కు కుట్టించుకున్న చోట ఒకటే మిగుల్చుతుంది. కాసులపేరుని ఏదో ముత్యాల దండ చేస్తుంది. పుస్తెల తాడు తీసేసి, హిందీ సీరియళ్లలో కనిపించే నల్లపూసల గొలుసు వేస్తుంది.

ఒంటి రంగు. అడక్కుండానే ఒకటి రెండు ఛాయలు తెల్లబరుస్తుంది. నలుపు తెలుపు ఫోటోలో ఇది వెంటనే పట్టుబడదు. రంగు అంకె చూపే ఐడ్రాపర్‌తో నుదుటి మీద ఒకే చోట అసలు స్కాన్‌లో, ఏఐ బొమ్మలో అంకె తీసి పోల్చండి.

చేతులు. వేళ్ల లెక్క ఇప్పుడు చాలావరకు సరిగానే వస్తోంది. గాజుల దగ్గర మాత్రం ఇంకా తడబడుతుంది, ఒక గాజు ఇంకో గాజులో కలిసిపోతుంది.

అక్షరాలు. వెనక బోర్డు మీద తెలుగు ఉంటే దాని జోలికి పోనివ్వకండి. దూరంనుంచి తెలుగులా ఉంటుంది. దగ్గరికెళ్తే ఏ ఒత్తు ఏ అక్షరానిదో బ్రహ్మకే తెలియాలి. అక్షరం సగం మిగిలితే సగమే ఉంచండి.

8. గ్రెయిన్ కలపడం

పాత ప్రింటులో సన్నటి ఇసక పోసినట్టు గ్రెయిన్ ఉంటుంది. ఏఐ ముక్కలో ఉండదు. ఏఐ లేయర్ల మీద మాత్రమే యాడ్ నాయిస్‌లో గాసియన్, మోనోక్రోమాటిక్ పెట్టి 2, 3 శాతంతో మొదలెట్టి, పక్కనున్న గోడతో కలిసేదాకా పెంచండి. మరీ గరుకైతే అర పిక్సెల్ బ్లర్ ఇవ్వండి.

9. రంగులు వేయమంటే

నలుపు తెలుపు ఫోటోలో రంగు సమాచారం లేదు. పాత ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు కనబడదు, కుంకుమ రంగు చీర కూడా నల్లగా పడుతుంది. తర్వాత వచ్చిన, అన్ని రంగులకీ స్పందించే పాన్‌క్రోమాటిక్‌లో ఎరుపు, ఆకుపచ్చ ఒకే బూడిదరంగులో పడొచ్చు. కాబట్టి చీర రంగు ఏఐకి తెలిసే మార్గమే లేదు. ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. గుర్తున్నవాళ్లు ఉంటే ఆ రంగు చేత్తో వెయ్యండి, లేకపోతే నలుపు తెలుపులోనే వదిలెయ్యమని నా సలహా. మామ్మగారు తడుముకోకుండా చెప్పారు: "నేరేడుపండు రంగు, ఆవపువ్వు అంచు."

10. ఏఐతో చెయ్యనని చెప్పాల్సిన పనులు

వీసా, పాస్‌పోర్ట్ ఫోటోలు. సాఫ్ట్‌వేర్‌తోగానీ, ఫోన్ యాప్, ఫిల్టర్, ఏఐతోగానీ ఫోటోని మార్చకూడదని అమెరికా విదేశాంగ శాఖ నియమంలోనే ఉంది. కాలర్ నలిగిందనో, వెనక నీడ పడిందనో ఏఐతో సవరించే బదులు తెల్లగోడ ముందు నిలబెట్టి మళ్లీ తీయండి. రెండు నిమిషాల పని.

సీసీ కెమెరా క్లిప్పు తెచ్చి "బండి నంబరు కనబడేలా చెయ్యండి" అనేవాళ్లు. ఏఐ నంబరు ఇస్తుంది, స్పష్టంగా ఇస్తుంది. అది ఎవరి బండిదో దేవుడికెరుక. 2020లో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ల మసక ముఖాన్ని స్పష్టంగా చేసే పల్స్ అనే ప్రోగ్రాముకి ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం గీసి ఇచ్చింది. ప్రపంచమంతా ఎరిగిన ముఖానికే ఆ గతి పడితే, మన వీధిలో బండి నంబరు ఏపాటి? అలాంటివాళ్లని క్లిప్పు ముట్టుకోకుండా యథాతథంగా పోలీసులకి ఇమ్మని పంపిస్తాను.

11. చూపించడం, ఇవ్వడం

ఇచ్చేముందు మూడు చూపులు. డిఫరెన్స్ మోడ్‌లో పటంలో ఎరుపు పూసిన చోటంతా వెతకండి, మీరు చేత్తో ముట్టుకున్న చోట తప్ప వేరే ఎక్కడా వెలుగు కనబడకూడదు. తర్వాత లేయర్ కన్ను గుర్తుని టకటకా నొక్కుతూ, వెలిగిస్తూ ఆర్పుతూ ముఖాన్ని చూడండి, ఏది కదిలినా కంటికి దొరుకుతుంది. ఆఖరిది, ఆ మనిషిని ఎరిగినవాళ్లకి నాలుగు ఆరు ప్రూఫ్ చూపించండి. ఏమి మార్చారో ముందు చెప్పకండి. వాళ్లు మొదట చూసేది ఏమిటో గమనించండి. "బాగుంది" అంటే ఇంకా పని ఉందన్నమాట. పేరు పెట్టి పిలిస్తే ప్రింటుకి పంపొచ్చు.

ఫైళ్లు రెండివ్వండి: అసలు స్కాన్, బాగుచేసినది. ప్రింటు వెనక పెన్సిల్‌తో రాయండి. మామ్మగారి ఫ్రేము వెనక నేను రాసింది ఇది: "గోడ, నేల, చీర కుచ్చిళ్లలో కొంత ఏఐతో నింపాం. ముఖం, చేతులు, కుర్చీ అసలు ఫోటోవే."

మొత్తం పనికి ఒకటిన్నర రోజు పట్టింది. "ఏఐ ఉంది కదా, అయిదు నిమిషాల పనే కదా" అని ఆవిడ మనవడు రేటు బేరమాడబోయాడు. మామ్మగారు ఫ్రేము మీదనుంచి చూపు తిప్పకుండానే, "నువ్వు ఊరుకోరా" అన్నారు.